గురువారం ఎగిరే రాకెట్

అంతర్వేది పల్లిపాలెం

తమ్ముడు గంగబాబూ,

క్షేమ సమాచారాలు తర్వాత రాస్తాను. నెల్లూరు వెళ్ళే ఐస్ లారీ డ్రైవరు చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. అందగానే మీ శ్రీహరికోట క్యాంటీనుకి వచ్చే ఆఫీసర్లని అడుగు. రాకెట్ పైకి వెళుతుంటే కింది భాగం ఊడి సముద్రంలో పడుతుందట గదా, అది ఎక్కడ పడుతుంది? ఆ చుట్టుపక్కల మన బోటు కనిపిస్తే వెనక్కి పంపమని చెప్పు. నీలం బోటు, ముందు నిమ్మకాయల దండ ఉంటుంది.

మీ బావ నిన్న పొద్దున్న దక్షిణానికి వేటకి వెళ్ళేరు. వారం దాకా రారు. బోటు ఒడ్డు వదిలిందో లేదో, గురువారం రాకెట్ ఉంది, అటువైపు వెళ్ళొద్దని రేడియోలో చెప్పేరు. ఒడ్డుకి పరుగెత్తేను.

"పిలవకే! బయల్దేరిన బోటుని వెనక నుంచి పిలిస్తే కీడు," అని మా అత్తగారు నా నోరు మూసేసేరు. ఆవిడ చెయ్యి తీసేసరికి బోటు సముద్రంలోకి వెళ్ళిపోయింది. వెనకే ఇంకో బోటు పంపుదామంటే అన్నీ వేటలోనే ఉన్నాయి. అప్పటినుంచి ఆవిడా అన్నం ముట్టలేదు.

ఆ రాకెట్ మోసుకెళ్ళే ఉపగ్రహంతో ఎంత దూరంలో ఉన్నవాళ్ళయినా ఫోన్లో మాట్లాడుకోవచ్చని పేపర్లో రాసేరు. మంచిదే. నిన్న మీ బావ మాత్రం కేకేస్తే వినపడేంత దూరంలోనే ఉన్నారు, తమ్ముడూ.

నీ అక్క