ఓవెన్ చివర సంతకం

మార్చి 9, ఆదివారం

బాబాయ్ గారికి,

నమస్కారాలు. మీరూ పిన్నీ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. పనిలోంచి గెంటేసిన మనిషిని ఏ ముఖం పెట్టుకుని ఆ మాట అడగను? నేనూ బాగాలేను. పిన్ని మోకాళ్ల నొప్పి తగ్గితే అదే పదివేలు.

మీ మీద ఫ్యాక్టరీ గేటుకి అంటించిన నోటీసు ఇంకా తీయలేదు. 'మిక్సింగ్ ఆపరేటర్ నిర్లక్ష్యం వల్ల అడిటివ్ మోతాదు మించి' అని మొదలవుతుంది. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చదువుతున్నాను. పదకొండేళ్లు సోలార్ షీట్ల మీద అచ్చువేసే ఇంక్ కలిపిన చేతికి వందకు మూడు పాళ్లంటే ఎంతో తెలియదట. చదివినప్పుడల్లా ఒళ్లు మండిపోతోంది.

నేను ఊరుకోలేదు. ఇంజినీరు గదికి వెళ్లి నిలబడ్డాను. ఆస్పత్రి పైకప్పు మీద పరిచిన మన సోలార్ షీట్లు మూడు నెలలకే సగం కరెంటుకు పడిపోయాయంటే తప్పు బాబాయ్‌ది కాదు, షీట్లను ఓవెన్‌లోంచి నడిపే బెల్ట్ స్పీడుది అన్నాను. పదో తరగతి దాకా చదివి నాకు పాఠం చెబుతావా అన్నాడు. చదివింది పదే సార్, చూసింది పదివేల మీటర్లు అన్నాను. పక్కనున్న గుమాస్తా నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

పాఠం మీరు నేర్పిందే కదా. ఇంక్‌లో పొడుల్ని కరిగించే అసలు సాల్వెంట్ గబగబా ఎగిరిపోతుంది. అదొక్కటే ఉంటే నీలం పొడీ గోధుమ రంగు పొడీ ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. ఆలస్యంగా ఆరే అడిటివ్ కాస్త పడితే అది గోధుమ పొడిని ఇంకాసేపు కరిగించి పట్టుకుంటుంది. ఆలోపు నీలం పొడి సన్నటి పోగుల్లా సర్దుకుంటుంది. ఆ పోగుల వెంటే కరెంటు బయటికొస్తుంది. పని అయ్యాక అడిటివ్ ఓవెన్‌లో పూర్తిగా పోవాలి. మిగిలితే ఎండ వేడికి పొడులు మళ్లీ కదిలి గడ్డలు కడతాయి.

పాడైన షీట్లను మైక్రోస్కోపు కింద పెడితే గడ్డలే కనిపించాయి. అడిటివ్ ఎక్కువ పోస్తే ప్రింట్ చేసినప్పుడే గడ్డలు వస్తాయి. ఆరకుండా మిగిలితే పైకప్పు మీదికెళ్లాక వస్తాయి. మొదటిదైతే తప్పు మీది, రెండోదైతే వాళ్లది. నిమిషానికి రెండు మీటర్లు నడిచే బెల్ట్‌ని మూడున్నరకు పెంచింది వాళ్లే. ఓవెన్‌ని మాత్రం జానెడు కూడా పొడిగించలేదు. బెల్ట్ ఆపరేటర్‌ని సాక్ష్యం చెప్పమంటే, పెంచమన్నారు పెంచాను, నన్నెందుకు లాగుతావే తల్లీ అని దణ్ణం పెట్టాడు.

అప్పుడు ఇంజినీరు రిజిస్టర్ తెచ్చి నా ముందు పడేశాడు. మీరు పెట్టిన పద్ధతే. ప్రతి రోల్‌కీ ఓవెన్ చివర ఒక ముక్క కోయడం, ముక్కు దగ్గర పెట్టుకోవడం, అడిటివ్ వాసన ఉందో లేదో రాసి సంతకం చేయడం. ఆస్పత్రికెళ్లిన ఇరవై ఆరు రోల్స్‌కీ 'వాసన లేదు' అని నా సంతకం. చూశావా కుక్కముక్కూ, ఏమీ మిగల్లేదని నువ్వే రాశావు, ఇక గడ్డలు ఎక్కణ్నుంచి వచ్చాయి, ఆయన పోసిన దాంట్లోంచే కదా అన్నాడు. మీరు ముద్దుగా పెట్టిన పేరు వాడి నోట్లో తిట్టులా వినిపించింది.

మీ మీదా కోపంగా ఉంది. విచారణ రోజు అందరి ముందూ ఎందుకన్నారు ఆ మాట? ఆ పిల్ల రాసిందంటే రాసిందే, దాని ముక్కుకి తిరుగులేదు అని. ఆ ఒక్క మాటతో మీ గొంతు మీరే కోసుకున్నారు. ముక్కు ఏమైనా మీటరా, తప్పు పోదా అని మీరు గట్టిగా అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. నన్ను వెనకేసుకొచ్చారు. అప్పణ్నుంచి మీ వీధి వైపు రావాలంటే కాళ్లు రావడం లేదు.

ఇక రాయలేను. పిన్నికి నా నమస్కారాలు చెప్పండి.

మీ దగ్గర పని నేర్చుకున్న పిల్ల

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. నాకు వాసన రాదు బాబాయ్. వానాకాలంలో జ్వరం వచ్చింది చూడండి, దాంతోనే పోయింది. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడినా పక్క గదిలోంచి అమ్మ పరుగెత్తుకొచ్చేదాకా నాకు తెలియలేదు. చెబితే ప్యాకింగ్‌లోకి నెడతారని నోరు మూసుకున్నాను. ఇవాళ కాకపోతే రేపు వస్తుందిలే అనుకుంటూ ఒక్కో రోల్‌కీ సంతకం చేశాను. విచారణ రోజు మీరు నా వైపు చూసి ఆ మాట అంటున్నప్పుడు కూడా తల వంచుకుని కూర్చున్నాను.

మొన్న శుక్రవారం మేనేజర్‌కి అంతా చెప్పేశాను. మీ ఫైల్ ఎప్పుడో మూసేశామన్నాడు. వాసన రాకపోతే నీకే హాయి కదమ్మా, సోమవారం మామూలుగా డ్యూటీకి వచ్చి సంతకం పెట్టు అన్నాడు.

ఈ ఉత్తరం మీ దగ్గర ఉంచుకోండి. ఎవరికి చూపించినా నేను రాసింది కాదనను. చూపిస్తే మిమ్మల్ని మళ్లీ పనిలోకి పిలుస్తారన్న ఆశ నాకైతే లేదు.