వృత్తంలో పడిన ఏరు

ప్రియాతిప్రియమైన పిన్నికి,

దేశంలో ఇంతవరకు జరిగిన ఆరోగ్య సంస్కరణలన్నిటి తరఫునా నీ కాళ్ల మీద పడి క్షమాపణ కోరుతున్నాను. వాటిలో ఒక్కటీ నేను చేయలేదు. కానీ వాటి చరిత్ర రాసే ఉద్యోగం నాది కాబట్టి ఏడ్చే బాధ్యతా నాదే.

మొదట ఊరూరా ఆరోగ్య కేంద్రం, వైద్యం ఉచితం అన్నారు. డబ్బు చాలక రుసుం పెట్టారు. జనం రావడం మానేశారు. రుసుం తీసేసి బీమా కార్డులిచ్చారు. అవి చెల్లేది పెద్దాసుపత్రిలోనే. నిన్న మా డైరెక్టరుగారు పటం పరిచి, ప్రతి పెద్దాసుపత్రి చుట్టూ ఒక వృత్తం గీశారు. లోపల పడ్డ చిన్న కేంద్రాలన్నీ మూత. నీ కేంద్రమూ పడింది పిన్నీ.

"ఆ ఊరికీ ఆసుపత్రికీ మధ్యలో ఏరుందండీ" అన్నాను.

"పటంలో సన్నగీతేగా!" అన్నారు.

ఇక్కడ సాయంత్రమైతే నాతో మాట్లాడే మనిషి లేడు. అందుకే చరిత్ర పొడుగవుతోంది.

నీ తాత్కాలిక చరిత్రకారుడు

*

ప్రియమైన వాగుడుకాయకి,

మూసేస్తే నన్ను పెద్దాసుపత్రిలో నర్సుగా వేస్తారట. పోతాన్రా, నాకేం? కానీ ఏటికి నీళ్లొస్తే పడవ కట్టేస్తారు. వంతెన మీదుగా పోవాలంటే పూటంతా చుట్టు తిరగాలి. నొప్పులొచ్చిన పిల్ల అంతసేపు ఆగుతుందా? కార్డులొచ్చాక పగలు ఎవరూ రారు. కుర్చీలు తుడిచి, మళ్లీ తుడుస్తాను. ప్రసవాలకి మాత్రం నా తలుపే కొడతారు. ఆయనకి నచ్చజెప్పగలవా, లేక నీకు జోకులేనా?

పిన్ని

*

ప్రియమైన వాగుడుకాయకి,

మీ డైరెక్టరుగారు తనిఖీకని వచ్చారు, నడుందాకా బురదతో! కారు ఏటి ఒడ్డున ఆగిపోయిందట. నీళ్లు కాస్త తగ్గేదాకా అక్కడే పడిగాపులు కాసి, పడవెక్కారు. ఆ రాత్రి ఇక్కడొక పిల్లకి కాన్పయింది. ఆయన బయట బల్ల మీద కూర్చుని ఆ కేకలన్నీ విన్నారు. పొద్దున్నే, "దీన్ని మూయొద్దులేమ్మా" అన్నారు.

ఆయన వెనకాలే నువ్వూ దిగుతావేమోనని పడవకేసి చూశాను. ఎందుకు రాలేదు? అసలు ఆయనకి ఏటి దారి చెప్పిన వెధవ ఎవడ్రా?

పిన్ని

*

ప్రియమైన పిన్నికి,

నీ కేంద్రం ఉంటుందని ఉత్తర్వు వచ్చింది. వెంటనే ఇంకో ఉత్తర్వు నాకూ వచ్చింది: మందుల గోదాముకి బదిలీ. ఇక్కడ అట్టపెట్టెలూ, నేనూ. పెట్టెలు నా జోకులకి నవ్వవు.

నేను డైరెక్టరుగారితో వీరోచితంగా పోరాడానని అందరికీ చెప్పుకో, నేను కాదనను. నీకు మాత్రం నిజం. ఆ రోజు ఏరు మాట తప్ప ఇంకొక్క ముక్క అనే ధైర్యం చేయలేదు. వెంట వచ్చి ఉంటే కారులోనే నవ్వేసేవాణ్ణి, అందుకే రాలేదు. నేను చేసింది ఒక్కటే. డ్రైవరు దారి అడిగితే, పెద్దాసుపత్రి దాటాక వంతెన వైపు తిరక్కుండా తిన్నగా పొమ్మన్నాను.

నీ వెధవ