చొక్కా కప్పిన కంప్యూటర్

అన్నా,

నిన్నటికి నువ్వు పోయి ఏడాది. సినిమాలు చూద్దామని నువ్వు నీ చేత్తో బిగించి టీవీకి కలిపిన కంప్యూటర్ ఈమధ్య అరగంటకే ఆగిపోతోంది. ర్యామ్ తీసి తుడిచాను, పవర్ సప్లై మార్చాను. నా గదిలో పెడితే రోజంతా నడిచింది. హాల్లో పెడితే మళ్లీ అదే వరస.

నిన్న చర్చి నుంచి వచ్చి సినిమా పెట్టాక, ఎప్పట్లా వంటింట్లోకి పోకుండా అమ్మ వెనకాలే కూర్చున్నాను. బొమ్మ రాగానే అమ్మ లేచి, నీ మిల్లు యూనిఫాం చొక్కా తెచ్చి డబ్బా నిండా కప్పింది.

"ఏందమ్మా అది?"

"మిల్లు దుమ్ము లోపలికి పోతది బిడ్డా. వాడు చేసిన వస్తువు."

గాలి ఆడే సందులు మూసుకుపోయి, లోపల వేడెక్కి ఆగిపోతోందని చెప్పాను. చొక్కా తీసెయ్యమనడానికి మాత్రం నోరు రాలేదు.

పావుగంటయ్యాక అమ్మ డబ్బా మీద చెయ్యి ఆనించి చూసింది.

"అవ్, కాలుతాంది. వాడు గూడ డ్యూటీ నుంచి రాంగనే ముందు చొక్కానే విప్పేటోడు" అని తనే తీసింది.

సినిమా ఎక్కడా ఆగకుండా చివరిదాకా నడిచింది. అమ్మ టీవీ వైపు చూడలేదన్నా. చొక్కా ఒళ్లో పెట్టుకుని, నువ్వు బిగించిన ఫ్యాన్ చప్పుడు వింటూ కూర్చుంది.

నీ చెల్లి