నీ జాగాలో ఎవరు

మల్లన్నా,

నువ్వు పోయాక మన నడిగూడెం కబడ్డీ జట్టుకు ఇదే మొదటి సెమీఫైనల్. నీ జాగాలో రైడర్‌ను దింపాలా, పట్టేవాడిని దింపాలా అని పొద్దుటి నుంచి ఒకటే కొట్లాట.

"రైడర్ లేకుంటే పాయింట్లు యాడికెల్లి వస్తయ్?" అని శ్రీను.

"పట్టేటోడు లేకుంటే వచ్చినయి ఉంటయా?" అని యాదగిరి.

వినీ వినీ నా తల వాచిపోయింది. కోదాడ వాళ్లు వ్యాను దిగినా కోర్టుకు ఇంకా గీతల్లేవు. ఏటా ఇలాంటి గోల మధ్యలోంచి లేచి వెళ్లి సున్నం పోసేవాడివి నువ్వే కదా. విసుగొచ్చి సున్నం డబ్బా నేనే పట్టాను. మూల దగ్గర గీత వంకర పోయింది.

"మల్లన్న అయితే సక్కగ పోస్తుండె" అన్నాడు శ్రీను.

యాదగిరి తలూపాడు. పొద్దుటి నుంచి వాళ్లిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

నీ తమ్ముడు