రెబెకా పెట్టిన అన్నం

పలమనేరు,
ఆదివారం.

అక్కకు,

నీ మీద కోపంతో రాయడం లేదు. టీవీలో పిల్లల కథలు చూపిస్తే మంచి బుద్ధులు వస్తాయని నువ్వన్నది నిజమే. ఆకలేసిన కుక్కకు తన అన్నమంతా పెట్టేసే పాప కథ చూసినప్పటి నుంచి మా రెబెకా ఎవరికో ఒకరికి పెట్టనిదే తినేది కాదు.

పోయిన వారం చర్చి విందులో మిగిలిన అన్నం గంపెడు తెచ్చి వరండాలో పెట్టాను. మేము పొలంలో ఉండగా అదంతా చూడావుకు పెట్టేసింది. అంత అన్నం తింటే పశువు బతకదని ఆరేళ్ల పిల్లకేం తెలుసు? పొట్ట ఉబ్బిపోయి, డాక్టరు వచ్చేలోపే కడుపులో దూడతో సహా పోయింది.

"ఆకలిగా సూసింది నాయనా, అందుకే పెట్టినా," అంది.

"నువ్వే సంపినావు," అన్నాడు వాళ్ల నాయన. పాల మీదే బతికేవాళ్లం, ఆ బాధలో అనేశాడు.

ఇప్పుడు టీవీ పెడితే గోడవైపు తిరిగి కూర్చుంటుంది. నిన్న చిన్నోడు బిస్కెట్ కోసం చెయ్యి చాపితే వీపు వెనక దాచుకుంది. తమ్ముడికి ఇవ్వమ్మా అని బతిమాలాను.

"వద్దమ్మా, తింటే వీడు కూడా సచ్చిపోతాడు," అంది.

ఒకసారి వచ్చి పో అక్కా. దానికి చెప్పడానికి నాకు ఏ కథా తోచడం లేదు.

నీ చెల్లెలు