మారెక్క మింగేసిన నీళ్లు

అమ్మకు, నీ చిన్నకూతురు లక్ష్మి చేతులు జోడించి రాస్తున్నది.

ఇక్కడ నేను కులాసాగా ఉన్నాను. మీరంతా బాగుండాలని రోజూ అనుకుంటున్నాను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? చిక్కిపోయానని బెంగపెట్టుకోకు. అనంతపురం రాగిసంకటితో బొద్దుగా తయారయ్యాను. ఈ ఎండగాలికి పెదాలు పగులుతున్నాయి, మన చేపల పులుసు కలలోకొస్తోంది. సాయంత్రాలు నువ్వు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. అయినా బాగున్నానమ్మా.

నా పనిలో ఎంత గొప్ప సంగతి జరిగిందో! పొగాకు నమిలేవాళ్ల బుగ్గ లోపల చిన్న బ్రష్షుతో గీకి, గాజుపలక మీద పూసి, రంగువేసి మైక్రోస్కోపులో చూస్తానని చెప్పాను కదా. ఒక్కో కణం మధ్యలో గుడ్డులో పచ్చసొనలా కేంద్రకం ఉంటుంది. దాని చుట్టూ కంప్యూటరులో గీత గీసి కొలుస్తాను. సొన పెద్దదై చుట్టూ ఉన్న తెల్లది తగ్గితే క్యాన్సరేమోనని అనుమానించాలి.

కిందటి నెల బుక్కరాయసముద్రం వైపు నుంచి మారెక్క అనే గొర్రెలు కాసుకునే అవ్వ వచ్చింది. గీకేముందు నోరు శుభ్రం కావాలని, "నీళ్లు పుక్కిలించి ఉమ్మెయ్ అవ్వా" అంటే గటగటా మింగేసింది.

"ఏమప్పా, ఇంత మంచి నీళ్లు యాడన్నా ఉమ్ముతారా? మా ఊరికి ట్యాంకరు ఎప్పుడొస్తాదో తెలీదు."

మళ్లీ ఇస్తే మళ్లీ మింగింది! చివరికి కిటికీ కింద వాడిపోతున్న వేపమొక్కను చూపించి, దానికి పొయ్యమన్నాను. అప్పుడు సంతోషంగా పుక్కిలించి ఉమ్మింది.

నొప్పి లేదు, పుండు లేదు, బుగ్గలో చిన్న తెల్లమచ్చ అంతే. కానీ కేంద్రకాలు పెద్దవి! నమ్మలేక మళ్లీ కొలిచి, డాక్టరమ్మను పిలిచాను. ఆవిడ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. క్యాన్సరే, కానీ అప్పుడే మొదలైంది. ఆ చోటు కోసి తీసేశారు. నిన్న మారెక్క నా గడ్డం పట్టుకుని, "నువ్వు సూసినావు, నేను బతికినా తల్లీ" అంది. ఆనందం పట్టలేకపోయాను.

ఇక నీ సంగతి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే మహారాణివి నువ్వు. ఊరొచ్చినప్పుడు నువ్వు నవ్వుతుంటే అంగిట్లో తెల్లమచ్చ చూశాను. అడిగితే, "సుట్ట సెగకి అలాగే ఉంటాదిలే, నొప్పి నేదు కదా" అన్నావు. మారెక్కకూ నొప్పి లేదమ్మా. నాకు భయంగా ఉంది.

నాన్నను తీసుకుని రైలెక్కు. లేపాక్షి నందిని కూడా చూపిస్తాను. మారెక్క నీకు కబురు పంపింది: "మీ యమ్మను రమ్మను. నోరు తెరిసేకి భయమైతే నేను పక్కన కూసుంటా."

పెద్దమ్మకు, మామయ్యకు నా దండాలు. నన్ను దీవించు.

కిటికీ కింద వేపమొక్క చిగురేసింది. ఈసారి దానికి నీళ్లు పోయడం నీ వంతు.

నీ
లక్ష్మి