ఐదు తెరలూ నీలమే

కుందలహళ్ళి, బెంగళూరు
ఆదివారం పొద్దున

తమ్ముడు ఓబులేసుకు,

అన్న చంద్రన్న దీవించి రాసేది. ఈడ నేను బాగుండాను. ఆడ నువ్వూ, మరదలు లక్ష్మీ, పిల్లోల్లూ బాగుండారనీ, చిన్నమ్మకు మోకాలి వాపు తగ్గిందనీ నమ్ముకోని ఉండాను. నమ్ముకోవడమే గానీ తెలుసుకునే దారి లేదు. నువ్వు ఫోన్ ఎత్తవు. అందుకే ఉత్తరం. చించి పారేసే ముందు ఎంత కోపంలో ఉన్నా మనిషి రెండు లైన్లన్నా చదువుతాడు. ఆ రెండు లైన్లు ఈడనే రాసేస్తా: ఆపొద్దు మన టీవీ రిపేరు అంగట్లో నీకూ నాకూ జరిగిన గలాటలో తప్పు నాది. అది నాకు మొన్న తెలిసింది. ఎట్ల తెలిసిందో చెప్పాలంటే కొంచెం చుట్టు తిరిగి రావాల. నేరుగా పోయే అలవాటు నాకు లేదని నీకు తెలుసు గదా.

అంగడి మూసినాక కదిరిలో నాకు పని లేదు. మీ వదిన పోయినాక ఇంట్లో మాట్లాడేది రేడియో ఒకటే, దాన్ని రిపేరు చేసింది నేనే కాబట్టి అదీ సరిగ్గా మాట్లాడదు. అప్పుడే నరేశ్ అని ఈ ఊరి పిల్లగాడు ఒకడు, మన తెలుగోడే, తాతల కాలంలోనే ఈడ స్థిరపడినోళ్ళు, పాత పిక్చర్ ట్యూబుల పని తెలిసినోళ్ళ కోసం వెతుక్కుంటా నా దగ్గరికి వచ్చినాడు. నీ పెండ్లికి ముందు మనం ఎగ్జిబిషన్లో చూసినామే, రూపాయి బిళ్ళ వేసి ఆడే నిలువెత్తు గేమ్ పెట్టెలు, అట్లాంటివి ఆరు, బొమ్మసంద్రలో మూతబడిన ఒక షెడ్డులో తుక్కు కింద కొన్నాడంట. వాటిని బతికించి ఒక హాలు తెరిచినాడు. వచ్చేది పిల్లోల్లు అనుకునేవు. కాదప్పా. నెత్తి బట్టతలైన ఆఫీసోళ్ళు. ఒక ఆట ఆడతారు, ఓడిపోతారు, ఎవరో పోయిన ఇంట్లో కూర్చున్నట్టు కాసేపు కూర్చోని లేచిపోతారు.

ఈ ఊర్లో ఆకాశం ఎప్పుడూ ముసురే. కాలూ చెయ్యీ చల్లగా ఉంటాది. సాంబార్లో బెల్లం వేస్తారు. మొదటి దినం పాయసమేమో అనుకున్నా. హాలు మీద మేడలో రూము ఇచ్చినాడు, దోమతెర కొన్నా, తిండికి ఇబ్బంది లేదు, నా గురించి దిగులు పెట్టుకోవద్దు. నువ్వు పెట్టుకుంటావని కాదు, రాయాల గాబట్టి రాస్తాండా.

పెట్టెలు విప్పితే ఒకదాంట్లో ఎలుక గూడు, ఒకదాంట్లో ఎండిపోయిన బల్లి. కెపాసిటర్లన్నీ ఉబ్బినాయి. ఒక్కొక్కటీ మార్చి, పగిలిన అతుకులు మళ్ళా కాల్చి, నెలన్నరలో ఆరింటికీ బొమ్మ తెప్పించినా. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోనే పని చేస్తా ఇప్పటికీ. స్విచ్చి తీసినా ట్యూబులో కరెంటు దాక్కోని ఉంటాదని నీకు మొదటి దినమే చెప్పినా కదా, నువ్వు నమ్మక వేలు పెట్టి, మూడు బారల దూరంలో బియ్యం మూట మీద పడినావు. మీ వదిన నవ్విన నవ్వు! ఎక్కడికో పోతాండా.

కడాన చేసేది రంగు పని. ఎరుపు, పచ్చ, నీలం, మూడూ సమంగా కలిస్తే తెలుపు. ఏదన్నా ఎక్కువైతే తెర ఆ రంగుకు తిరుగుతాది. దానికి నేను ఎప్పుడన్నా మీటరు పెట్టినానా? తూకానికి కొన్న ఒక చిరిగిన పుస్తకం చదివి పని నేర్చుకున్నోన్ని, మీటరు యాడిది. నా కన్నే మీటరు. ఆరు తెరలూ మల్లెపూవు తెల్లగా పెట్టినా.

నాలుగు దినాలకు నరేశ్ వచ్చినాడు. "అప్పా, నీలం జాస్తి ఉండాది కదప్పా."

"ముసలి ట్యూబులు నాయనా. పెండ్లికూతురు మాదిరి ఉండమంటే ఉంటాయా?" అన్నా.

"నేనొక్కన్నే కాదప్పా, వచ్చినోల్లంతా అంటుండారు."

చూసినా. నాకు తెల్లగానే ఉండాది. పది మందీ అంటాంటే, నేను పైన రూముకు పోయినాక ట్యూబు వేడెక్కి రంగు మారుతుందేమో అనుకున్నా. ఎరుపూ పచ్చా నీరసపడి నీలం పైకి తేలతాందని తీర్పు చెప్పేసినా. మూడు వారాలు వెతికినా ఓబులేసూ. ట్రాన్సిస్టర్లు మార్చినా, బోర్డులు అటుదిటు ఇటుదటు వేసినా. కడాకు, ఉన్నవాటిల్లో మంచి ట్యూబును తీసుకోని, ఎరుపుకూ పచ్చకూ షాక్ పెట్టినా. మనం ప్రాణం పోయే ట్యూబులకు పెట్టేవాళ్ళమే, బతికితే బతికింది లేకుంటే లేదని, అది. దానికి ఆరోగ్యం బాగానే ఉండాది. రెండు మెరుపులు మెరిసి చచ్చిపోయింది. ఆ ట్యూబులు ఇప్పుడు లోకంలో ఎవురూ తయారు చేయరు.

నరేశ్ "పోనీలే అప్పా" అని పెట్టె మీద దుప్పటి కప్పినాడు. తిట్టింటే బాగుండు.

ఆ ఆదివారం రూతమ్మ వచ్చింది. నా పక్క రూములో ఉంటాది, చీరాల తట్టు అమ్మాయి, కంటాసుపత్రిలో నర్సు. చర్చి నుంచి వస్తా ఆటలు చూద్దామని హాల్లోకి తొంగి చూసి, "ఏంటి బాబాయ్, అన్నిటికీ నీలిమందు పెట్టి ఉతికారా?" అనింది.

"తెల్లగా ఉంటే నీలం అంటావేంది తల్లీ? నీక్కూడా ఎక్కినట్టుంది వాళ్ళ పిచ్చి."

ఆమె నవ్వలా. నన్ను వాకిట్లోకి పిలిచి, గడ్డం పట్టుకోని వెలుతురుకు తిప్పి చూసింది. "బాబాయ్, కంట్లో శుక్లం పొర ముదిరిపోయింది. మీరు తెలుపును తెలుపుగా చూసి చానా ఏళ్ళయి ఉంటుంది."

వాళ్ళ ఆసుపత్రికి పిల్చకపోతే డాక్టరమ్మా అదే చెప్పింది. కంటి లోపలి అద్దం డికాషన్ రంగుకు తిరిగిందంట. తెల్లనిది నాకు పసుపుగా కనబడితే, ఆ పసుపు పోయేదాకా నేను నీలం పెంచుకుంటా పోయినా. మూడు వారాలు మిషన్లో వెతికిన జబ్బు నా మొగంలో ఉండాది.

కుడి కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పినాక హాల్లోకి పోయినా. ఐదు తెరలూ నీలమే. నీలిమందు ఎక్కువైన పంచెలు ఐదు ఆరేసినట్టు. కుడి కన్ను మూసి ఎడమతో చూస్తే తెలుపు, ఎడమ మూసి కుడితో చూస్తే నీలం. అట్ల మూస్తా తెరుస్తా ఎంతసేపు నిలబడినానో. అప్పుడు గుర్తొచ్చింది, ఆపొద్దు మన గలాటకు మూలమైన హెడ్మాస్టరు సారు టీవీ.

నువ్వు మెల్లగానే చెప్పినావు. "అన్నా, తెలుపు నీలంగా పోతాంది, ఈ నెలలో ఇది మూడో టీవీ, రవ్వంత తగ్గించు" అన్నావు. నేను సారు ముందర, టీ తెచ్చిన మస్తాన్ ముందర, అంగట్లో ఉన్నోళ్ళందరి ముందర, "టంకం కడ్డీ పట్టుకోవడం నేర్పినోనికే రంగులు చెప్తావారా? నీకు కండ్లు లేవు, పోయి గొర్రెలు మేపుకో" అన్నా. నువ్వు చేతిలో ఉన్న కడ్డీని స్టాండులో పెట్టి, ప్లగ్గు కూడా పీకి పోయినావు. నూనె మిల్లులో చేరినావు. నీ చేతికి నా చేతికన్నా పని బాగొచ్చు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు, చెప్పలేదు.

ఆరో పెట్టెకు ఫ్లాట్ స్క్రీన్ పెడతానన్నాడు నరేశ్. మిగతా ఐదూ సరిచేసినాక నన్ను ఉంచుకునేది లేనిదీ చూద్దామన్నాడు. ఇప్పుడు ఒక్కొక్క స్క్రూ తిప్పి, రూతమ్మను నిలబెట్టి, "ఎట్లుండాది తల్లీ?" అని అడుగుతాండా. ఈ మాట ఇన్నేండ్లలో నేను ఎవురినీ అడగలా. నిన్నన్నా అడిగింటే.

ఎడమ కంటికి వచ్చే నెల ఆపరేషన్. తోడుకు రూతమ్మ వస్తానంది, నిన్ను రమ్మని అడిగే మొగం లేదు. ఒక పని చేసిపెట్టు. ఆ మాట అందరి ముందర అన్నా గాబట్టి, ఈ కాయితాన్ని మస్తాన్ టీ అంగట్లో గట్టిగా చదువు. హెడ్మాస్టరు సారు పోయినారని తెలిసింది, ఆయనకు ఇంక వినబడదు. ఉన్నోళ్ళన్నా వినాల, కండ్లు లేనిది ఎవురికో.

చిన్నమ్మకు నా దండాలు చెప్పు, ఎడమ కన్నుకు ఆమె దీవెన కావాలని అడుగు. లక్ష్మికీ పిల్లోల్లకూ ఆశీస్సులు. ఈ దిక్కు ఎవరన్నా వస్తాంటే లక్ష్మి చేతి ఊరిబిండి పచ్చడి రవ్వంత పంపు, ఈడి బెల్లం సాంబారు నోట్లోంచి పోవాల.

ఇట్లు,
నీ అన్న,
చంద్రన్న

జవాబుకు కవరు పెట్టినా, స్టాంపు అంటించినా, అడ్రసు మాత్రం రాయలేదు. రాయడానికి మాటలు రాకుంటే, ఈ ఉత్తరం కవరు వెనక ఉండే నా అడ్రసు నీ చేత్తో రాసి ఖాళీ కవరే పంపు. చాలు.